తొమ్మిదికీ పదకొండుకీ మధ్య

లెక్కల్లో నన్ను ఓడించిన మనిషి మా గువ్వలలంకలో ఇంతవరకు పుట్టలేదు. ఈ మాట గొప్పకి చెప్పడం లేదు. ఒళ్ళు దగ్గర పెట్టుకునే చెబుతున్నాను. చిన్నప్పుడు మా ఒంటిగది బడిలో నేను పదిహేడో ఎక్కం ఎత్తుకుంటే అవతలి రేవులో పడవ కట్టేసి జనం వినేవారు. పదిహేడు తొమ్మిదుల దగ్గర నేను గుక్క తిప్పుకోవడానికి ఆగితే గోదావరి కూడా ఆగేది. ఐదో తరగతితో నా చదువు ఆగిపోయింది గాని అది నా తప్పు కాదు. మా బడిలో ఆరో తరగతి లేదు.

ఆ బడి ఇప్పటికీ ఉంది. ఎలా ఉందన్నదే కథ.

గువ్వలలంక గోదావరి నడుమ ఉంటుంది. అరటితోటలు, కొబ్బరిచెట్లు, వంగతోటలు, యాభై అరవై గడప, చుట్టూ నీళ్ళు. బడికి ఒకటే గది, ఒకటే నల్లబల్ల, ఒకరే టీచరు. ఆవిడ పేరు ఎస్తేరు రాణి. అవతలి ఒడ్డు నుంచి రోజూ పడవలో వస్తుంది. గోదావరి ఎర్రబడ్డ రోజుల్లో చెప్పులు చేత్తో పట్టుకుని, పెదాలతో ప్రార్థన చేసుకుంటూ వస్తుంది. నేను బడి కమిటీ పెద్దని. వయసులో పెద్దనన్న మాట. మిగతావాళ్ళు పనుల్లోకి పోతారు కాబట్టి సంతకాలన్నీ నావి.

ఆ ఏడు జూన్‌లో మా బడికి రెండు ఉత్తర్వులు వచ్చాయి.

మొదటిది: ఇరవై మందికి తక్కువున్న బడిని మూసేసి పిల్లల్ని అవతలి ఒడ్డు బడిలో కలిపేస్తారు. ఆగస్టు నెలాఖరున తలలు లెక్కపెడతారు. అంతకుముందు ఏడు మాకు సరిగ్గా ఇరవై మంది. వేసవిలో ఒక కుటుంబం చేపల చెరువు కాపలాకి వెళుతూ వాళ్ళ కుర్రాణ్ణి కూడా తీసుకుపోయింది. పందొమ్మిది మిగిలారు. అంటే ఆరేళ్ళ పిల్లలు రోజుకి రెండుసార్లు గోదావరి దాటాలి, శ్రావణమైనా భాద్రపదమైనా.

పడవ నడిపేది సత్తిబాబు. అతని కూతురు నూకరత్నం రెండో తరగతి.

"నీ పడవే కదరా, భయమెందుకు?" అన్నాను.

"నా పడవ మీద నాకు నమ్మకమే తాతా. గోదారి మీదే లేదు" అన్నాడు.

రెండో ఉత్తర్వు పేరు 'కంటిముందు గణితం'. దాన్ని వివరించడానికి శేషతల్పంగారనే సమన్వయాధికారి స్వయంగా మా లంకకి వచ్చారు. ఒంటిమీద రెండు లైఫ్ జాకెట్లు, ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి. పడవ దిగాక కూడా విప్పలేదు. అలాగే కుర్చీలో పట్టక నిలబడే ప్రసంగించారు.

"బాలలు సంఖ్యను వినరాదు, కనవలెను. కనబడని సంఖ్య కంఠస్థము. కంఠస్థము శాఖాపరముగా నిషిద్ధము. కావున ప్రతి సంఖ్యను వస్తురూపమున ప్రదర్శించి, ఛాయాచిత్రము తీసి, యాప్ నందు ఎక్కించి, ఆమోదము లభించిన పిమ్మటనే నల్లబల్లపై అవతరింపజేయవలెను. ఆమోదము లేని సంఖ్యను పలుకరాదు, వ్రాయరాదు, రికార్డులందు వాడరాదు."

"అవతరింపజేయాలాండీ?" అన్నాను.

"అది పాఠ్యప్రణాళికా పదము" అన్నారాయన.

మర్నాటి నుంచి బడి తిరునాళ్ళయింది. ఒకటికి మా గేదెని నిలబెట్టాం. యాప్ ఒక్క క్షణం ఆలోచించి, "ఒకటి. ఆమోదించబడినది. శుభాకాంక్షలు" అంది. గేదె ముఖంలో కూడా ఏదో తృప్తి కనిపించింది. రెండుకి సత్తిబాబు తెడ్లు. ఐదుకి అరటి అత్తంలో ఐదు కాయలుంచి మిగతావి కోసేశాం. కోసినవి ఫోటోలో పడకూడదని పిల్లలు తినేశారు. ఏడు దగ్గర మాత్రం ఒక పూటంతా పట్టింది. మా ఏడు బాతుల్నీ రేవులో వరసగా నిలబెడితే, టీచరు ఫోను ఎత్తే సమయానికి ఏడోది నీళ్ళలో మునిగింది. "ఆరు" అంది యాప్. పైకి లేచాక ఇంకొకటి మునిగింది. "ఆరు." చివరికి సాయంత్రం నాలుగింటికి ఎలాగో ఏడూ పడ్డాయి.

అలా తొమ్మిది దాకా వచ్చాం. తరువాత పది. పది రాయాలంటే ఒకటి పక్కన సున్నా పెట్టాలి. సున్నాకి ఇంకా ఆమోదం లేదు.

"సున్నాకి ఏం చూపించాలి తాతగారూ?" అంది టీచరు.

"ఏమీ చూపించకూడదమ్మా."

"ఏమీ చూపించకపోతే ఫోటో దేనికి తియ్యాలండీ?"

ఖాళీ బుట్ట పెట్టాం. "ఒక బుట్ట" అంది యాప్. "నా గిన్నె తియ్యండి టీచర్, అన్నం అయిపోయింది" అని నూకరత్నం తుడిచిన గిన్నె తెచ్చింది. "ఒక గిన్నె." వట్టి నేలని తీస్తే అందులో టీచరు నీడ పడింది. "ఒక నీడ." ఆకాశం తీస్తే ఒక మబ్బు. మబ్బు పోయేదాకా ఆగి మళ్ళీ తీశాం. యాప్ చాలాసేపు తిరిగి తిరిగి చెప్పింది: "వస్తువులు కనబడుట లేదు. దయచేసి వస్తువులను ఉంచి మరల ప్రయత్నించండి."

టీచరు శేషతల్పంగారికి ఫోను చేసింది. అందరం వినేలా పెట్టింది.

"మిగతా బడులవాళ్ళు సున్నాకి ఏం చేశారండీ?"

"వారు అడుగలేదు. అడుగని చోట సమస్య లేదు. తమరు అడిగినారు గనుక గువ్వలలంకయందు సమస్య ఉత్పన్నమైనది. ఉత్తర్వు వచ్చును."

వచ్చింది. సున్నా విషయం ఉన్నతస్థాయి సంఘం పరిశీలనలో ఉందనీ, ఆమోదం వచ్చేదాకా గువ్వలలంక బడి ఆవరణలో సున్నాగాని, సున్నా కలిగిన సంఖ్యగాని పలకకూడదు, రాయకూడదు, రిజిస్టర్లలో వాడకూడదనీ దాని సారాంశం. దాని పైన నంబరు 3005. నేను చూసి ఊరుకోలేకపోయాను. మళ్ళీ ఫోను చేయించాను.

"అయ్యా, ఈ కాగితం మీదే రెండు సున్నాలున్నాయండీ."

"అవి కార్యాలయ సున్నాలు. వాటికి పూర్వము నుండియే అనుమతి కలదు. తరగతి గది సున్నా వేరు."

సున్నాల్లో కూడా కులాలున్నాయని డెబ్బై ఆరేళ్ళ వయసులో తెలుసుకున్నాను.

ఇక మా బడిలో తొమ్మిది తరువాత పదకొండు. పందొమ్మిది తరువాత ఇరవై ఒకటి. తొమ్మిదికి ఒకటి కలిపితే ఎంతంటే పిల్లలు "పదకొండు!" అని కప్పు లేచిపోయేలా అరిచేవారు. బడి మూసేస్తామన్న ఉత్తర్వులో ఇరవై అన్న మాట ఉంది గనుక దాన్ని కూడా బడిలో చదవడానికి వీల్లేక, "ఆ సంఖ్య" అనుకునేవాళ్ళం. టీచరుకి మాత్రం ముద్ద దిగేది కాదు.

"పిల్లల బుర్రలు పాడుచేస్తున్నాను తాతగారూ. దేవుడు అడిగితే ఏం చెప్పను?"

"బడి లెక్క ఒకటి, ఇంటి లెక్క ఒకటి టీచర్" అంది నూకరత్నం. "ఇంటికాడ పది ఉంటది. గుమ్మం ఎక్కగానే ఉండదు. మాకు తెలుసు."

పిల్లలు అంత త్వరగా నేర్చుకుంటారు. మనమే వెనకబడతాం.

ఆగస్టు మూడో వారంలో గోదావరి బాగా పెరిగింది. తలల లెక్క కాగితం నింపాల్సిన రోజు మధ్యాహ్నం బళ్ళో కూర్చున్నాం. టీచరు కలం పట్టుకుని కూర్చుంది గాని కాగితం మీద పెట్టడం లేదు. సత్తిబాబు గుమ్మంలో నిలబడ్డాడు.

"ఓ పేరు ఎక్కువ రాసెయ్యరాదా టీచరమ్మా? ఎవరు చూడొచ్చారు?"

"అబద్ధం రాయను సత్తిబాబూ. ఉద్యోగం పోతుందని కాదు. ఆ పేరు రోజూ పిలవాలి కదా, ఎవరూ పలకరు. నావల్ల కాదు."

నేను పిల్లల్ని వరసగా నిలబెట్టి లెక్కపెట్టాను. పందొమ్మిది. అటునుంచి లెక్కపెట్టాను. పందొమ్మిదే. పొట్టివాళ్ళ నుంచి పొడుగువాళ్ళ దాకా లెక్కపెట్టాను. లెక్కల్లో నా అంతటివాణ్ణి నేనే కదా, ఏం చేసినా అంతే వచ్చింది.

"తప్పు తాతా" అంది నూకరత్నం.

"ఏంటే తప్పు?"

"నువ్వు పది అన్నావు. బళ్ళో అనకూడదు. నేను లెక్కెడతా చూడు."

వరస మొదట్నుంచి ఒక్కొక్కరి నెత్తి మీదా చెయ్యి వేసుకుంటూ వచ్చింది. "...ఏడు, ఎనిమిది, తొమ్మిది, పదకొండు, పన్నెండు..." ఆఖరికి మిగిలింది తనే. తన నెత్తి మీద తనే చెయ్యి వేసుకుని, "ఇరవై ఒకటి" అంది.

నేను మళ్ళీ దాని పద్ధతిలో లెక్కపెట్టాను. ఇరవై ఒకటి. టీచరు లెక్కపెట్టింది. ఇరవై ఒకటి. ఉత్తర్వు తీసి చదివాం. ఒక్క అక్షరం తేడా లేదు; నేను లెక్కపెట్టిందే నిబంధనల ఉల్లంఘన.

అలా ఆ పిల్ల లెక్కల్లో నన్ను ఓడించింది. నన్ను ఓడించినవాళ్ళు గువ్వలలంకలో పుట్టలేదని మొదట్లో అన్నాను. ఆ మాట మీద ఇప్పటికీ నిలబడతాను. నూకరత్నం అవతలి ఒడ్డున ఆసుపత్రిలో పుట్టింది.

"ఇది అబద్ధమవుతుందా తాతగారూ?" అంది టీచరు.

"పేర్లు ఎన్ని?"

"పందొమ్మిది."

"ఆ పందొమ్మిదే రాయమ్మా, ఒక్కటి కూడా కలపకు. పక్కన వరస నంబర్లు మాత్రం ఉత్తర్వు ప్రకారం వెయ్యి."

వేసింది. తొమ్మిది తరువాత పదకొండు, పందొమ్మిది తరువాత ఇరవై ఒకటి. కాగితంలో అడిగింది 'చివరి క్రమసంఖ్య' మాత్రమే. నేను సంతకం పెట్టాను.

నెలాఖరున శేషతల్పంగారు తనిఖీకి వచ్చారు. ఆ రోజు గోదావరి కాఫీ రంగులో ఉంది, చెట్లు కొట్టుకుపోతున్నాయి. ఆయన పడవలోంచి దిగేసరికి ఒళ్ళంతా తడిసి, రెండు జాకెట్లలోంచీ నీళ్ళు కారుతున్నాయి. కాసేపు బల్ల పట్టుకుని నిలబడ్డారు. తరువాత రిజిస్టరు తెరిచి పిల్లల్ని వేలితో చూపిస్తూ లెక్కపెట్టారు.

"పుస్తకమున ఇరవై ఒకటి. ఎదుట పందొమ్మిది. ఇద్దరు విద్యార్థులు కల్పితులు! ఇది మోసము! ఉపాధ్యాయినిపై చర్య తప్పదు!"

టీచరు ముఖం తెల్లబడింది. నేను లేవబోయాను. నాకంటే ముందు నూకరత్నం చెయ్యెత్తింది.

"సార్, మీరు పది అన్నారు."

"ఏమి?"

"తొమ్మిది తరవాత పది అన్నారు సార్. మన బళ్ళో అది లేదు. మీరే తీసేశారు."

ఆయన ఉత్తర్వు అడిగారు. చూపించాం. కింద సంతకం ఆయనదే. దాన్ని చాలాసేపు చదువుకున్నారు. మళ్ళీ మొదటి నుంచి, జాగ్రత్తగా, తొమ్మిది దగ్గర ఒక గంతు, పందొమ్మిది దగ్గర ఒక గంతు వేస్తూ లెక్కపెట్టారు. ఇరవై ఒకటి వచ్చింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఆయన కష్టం మాకు అర్థమైంది. పందొమ్మిది అని రాస్తే బడి ఆవరణలో పది వాడినట్టు ఒప్పుకోవాలి, తన ఉత్తర్వును తనే మీరినట్టు. ఇరవై ఒకటి అని రాస్తే పేర్లు పందొమ్మిదే ఉన్నాయి. రిజిస్టరు తిరగేశారు, మరగేశారు. చివరికి ఆయన ముఖంలో ఏదో వెలుగు వచ్చింది.

"తొమ్మిదవ విద్యార్థి కలడు. పదకొండవ విద్యార్థి కలడు. నడుమ నుండవలసిన విద్యార్థి లేడు. అటులనే పందొమ్మిదికి, ఇరవై ఒకటికి నడుమ. వీరు కల్పితులు కారు. వీరు బడి మానిన పిల్లలు!"

"ఎవరండీ?" అంది టీచరు.

"అది విచారణలో తేలును. బడి బయటి పిల్లలను బడికి రప్పించుట శాఖ ప్రథమ కర్తవ్యము. వారు దొరకువరకు ఈ పాఠశాలను మూయుటకు నిబంధనలు..." అని ఆగారు. వాక్యం పూర్తి చేయలేదు. "నివేదిక వ్రాయవలెను. కాని ఆ ఇద్దరి నంబర్లును ఈ ఆవరణలో వ్రాయుటకు వీలు లేదు."

అందుకని పడవెక్కాం. సంతకం నాది కావాలి గనుక నేనూ ఎక్కాను. నది నడిమికి వచ్చాక సత్తిబాబుని పడవ నిలపమన్నారు. ఆ ప్రవాహంలో నిలపడం సత్తిబాబుకే తెలుసు. గెడ వేసి ఒళ్ళంతా వంచి నిలబడ్డాడు. పడవ ఊగుతోంది. శేషతల్పంగారు ఒక చేత్తో అంచు పట్టుకుని ఒక చేత్తో కాగితం తీశారు.

"ఇచట లోతు ఎంత?"

"మూడు నిలువులుంటదండి. నా నిలువు."

"బడిని కలిపివేసినచో..."

"మా నూకరత్నం రోజూ ఇలాగే దాటాలండి. దానితో ఇంకో పద్దెనిమిది మంది. ఇందాక మీకు ఒడ్డుకి రాడానికి ఎంతసేపు పట్టింది? వాళ్ళకీ అంతే పడతది."

ఆయన నీళ్ళ వైపు చూశారు. ఒక అరటిచెట్టు గెలతో సహా మా పక్కనుంచి కొట్టుకుపోయింది. అది కనుమరుగయ్యేదాకా చూసి, కాగితం మోకాలి మీద పెట్టుకుని రాశారు. చదివి నాచేత సంతకం పెట్టించుకున్నారు. క్రమసంఖ్య 10, క్రమసంఖ్య 20 విద్యార్థుల ఆచూకీ తెలియవలసి ఉన్నది. అంతవరకు పాఠశాల యథాతథముగా కొనసాగవలెను.

"సున్నాలను నేను నది నడుమ వ్రాసితిని. ఇది ఏ పాఠశాల ఆవరణయు కాదు. గమనించితిరి కదా?"

"గమనించామండి" అన్నాం ఇద్దరమూ.

రేవు దగ్గరపడుతుండగా సత్తిబాబుతో, "మీ అమ్మాయి చురుకైంది" అన్నారు. ఆయన నోట మామూలు మనుషుల వాక్యం వినడం నాకు అదే మొదలు.

ఆ తరువాత గాలింపు మొదలైంది. శాఖవారు మూడుసార్లు మనుషుల్ని పంపారు. వాళ్ళ చేతిలో ఒక పత్రం ఉండేది. పేరు: తెలియదు. తండ్రి పేరు: తెలియదు. గుర్తింపు చిహ్నములు: ఎడమవైపు ఒకటి, కుడివైపు విచారణలో ఉన్నది. చివరిసారిగా చూచిన ప్రదేశము: తొమ్మిదికీ పదకొండుకీ మధ్య.

మేం వచ్చినవాళ్ళకి కొబ్బరిబోండాలు కొట్టిచ్చి, లంకంతా తిప్పి చూపించాం. వాళ్ళు ప్రతి గడపా ఎక్కి అడిగేవారు.

"పదో నంబరును చూశారా?"

"ఇదివరకు ఉండేదండి, పాపం. జూన్ నుంచి కనపట్టం లేదు" అనేవారు జనం. అందులో ఒక్క మాటా అబద్ధం కాదు.

దీపావళికి ఆ ఇద్దరి పేర రెండు జతల బూట్లు వచ్చాయి, కొలతలు తెలియక శాఖవారు మధ్యరకంగా పంపారు. టీచరు వాటిని బీరువాలో పెట్టి తాళం వేసింది. నూకరత్నం వారానికోసారి తీయించి దుమ్ము దులిపేది. "పాపం, వాళ్ళొచ్చేసరికి పాడైపోకూడదు కదా" అని నా వైపు చూసి కన్ను గీటేది.

మళ్ళీ జూన్ వచ్చింది. సున్నాకి ఆమోదం వచ్చింది. సంఘంవాళ్ళు ఏడాదిపాటు చర్చించి యాప్‌లో ఒక్క వాక్యం మార్చారు. ఇప్పుడు ఆకాశం ఫోటో పెడితే "వస్తువులు కనబడుట లేదు. ఆమోదించబడినది. శుభాకాంక్షలు" అంటుంది. ఆ కాగితం చూసి టీచరు ఏడవబోయింది. సున్నా వచ్చిందంటే మా ఇరవై ఒకటి మళ్ళీ పందొమ్మిదైపోతుంది.

కాని ఆ వేసవిలో లంకలో ఇద్దరికి ఐదేళ్ళు నిండాయి. మా పక్కింటి పేరయ్య మనవరాలు ఒకర్తి, వంగతోటల వీరాస్వామి కొడుకు ఒకడు. ఐదో తరగతి నుంచి ఆ ఏడు ఎవరూ వెళ్ళలేదు. ఐదో తరగతే లేదు. టీచరు రిజిస్టరు తెరిచి, ఏడాదిగా లేని పదో నంబరులో ఆ పిల్ల పేరు, ఇరవయ్యో నంబరులో ఆ కుర్రాడి పేరు రాసింది. ఇంటి లెక్కలో ఇరవై ఒకటి. బడి లెక్కలోనూ ఇరవై ఒకటి. మొదటిసారి రెండూ ఒకటయ్యాయి. అప్పుడు ఏడ్చింది.

శేషతల్పంగారు వచ్చి సభ పెట్టారు. ఈసారి ఒకటే లైఫ్ జాకెట్. "దీర్ఘకాల అన్వేషణ అనంతరము బడి మానిన బాలలిద్దరును లభ్యమైనారు" అని ప్రసంగించి, ఇద్దరికీ బూట్లు తొడిగించారు. ఆ బూట్లలో వాళ్ళు మోకాళ్ళ దాకా దిగిపోయారు. ఐదేళ్ళ పిల్లని చూపిస్తూ ఆయన నూకరత్నాన్ని అడిగారు:

"ఈమెను ఇంతకాలము ఎచట వెదకితిరి?"

"తొమ్మిది పక్కనే సార్" అంది.

ఆయన నవ్వు ఆపుకోవడానికి రిజిస్టరు అడ్డం పెట్టుకున్నారు.

ఇదీ జరిగింది. మీరు దేన్ని నమ్మరో నాకు తెలుసు. ఉత్తర్వా? నిజమే. కార్యాలయ సున్నా? నిజమే. నది నడుమ రాత? నా సంతకం ఉంది. నేను కల్పించింది ఒక్కటే, అదీ ఒప్పేసుకుంటాను. మాకు ఏడు బాతులు లేవు. మొదట్నుంచీ ఆరే. నీళ్ళలో ఏదీ మునగలేదు. యాప్ ఆ పూటంతా సరిగ్గానే లెక్కపెట్టింది, ఆ మాట ఒప్పుకోవడానికి నాకు మనసొప్పలేదు. సాయంత్రం నాలుగింటికి పడ్డ ఏడోది పేరయ్య కోడి.